మారనాయకుడు బతికిన కథ

మరిపెడ అంగడి వీధిలో సోమయ్య కిరాణా దుకాణం ఎక్కడ అని అడిగితే ఆ రోజుల్లో ఎవరైనా ఒక్కటే గుర్తు చెప్పేవాళ్లు. "గదే, సదివే కోమటామె దుకాణం!" పాపం సోమయ్య! తాత కట్టించిన దుకాణం, తండ్రి పెంచిన బేరం, పొద్దంతా తక్కెడ పట్టుకొని తాను నిలబడే చోటు. దానికి పెళ్లాం పేరు పడింది. అయినా ఆయన మురిసిపోయేవాడే తప్ప నొచ్చుకునేవాడు కాదు. అలాంటి మొగుడు దొరకడం భాగ్యలక్ష్మి అదృష్టం. ఈ కథలో ఆమెకు కలిసొచ్చింది అదొక్కటే.

భాగ్యలక్ష్మి జనగామ పిల్ల. తండ్రిది ధాన్యం అడ్తి. ఆడపిల్లకు చదువెందుకయ్యా అని నలుగురూ అంటున్నా వినకుండా ఎనిమిదో తరగతి దాకా చదివించి, ఆ తర్వాత మరిపెడకు కోడలిగా పంపాడు. అత్తగారింట్లో పెట్టె తెరిస్తే పట్టుచీరల కింద నుంచి పాత వారపత్రికలు జారిపడ్డాయి. చుట్టాలు బుగ్గలు నొక్కుకున్నారు. అత్త జానకమ్మ మాత్రం ఒక పత్రిక చేతిలోకి తీసుకొని, కళ్లకు దగ్గరగా పెట్టి చూసి, దూరంగా పెట్టి చూసి, చివరికి కోడలి ఒళ్లో పడేసింది.

"నాకు కండ్లు ఆనుతలేవు. ఏమున్నదో చదువు, ఇందాం," అంది.

అంతే. ఆ రోజు మొదలైన చదువు మరి ఆగలేదు.

జానకమ్మ కళ్లు బాగున్న కాలంలో ఆ అరుగు మీదే రామాయణం చదివేది. ఆమెకు కొన్ని పట్టింపులుండేవి. కాళ్లు చాపుకొని చదవొద్దు. మధ్యలో లేచి పోవద్దు. అన్నిటికంటే పెద్దది, చావు దగ్గర పుస్తకం మూయొద్దు. దశరథుడు పోయిన చోట పొద్దుగూకితే, గొంతు నొచ్చినా సరే ముందుకు లాగి, ఏదో ఒక మంచి ముచ్చట వచ్చాకే మూసేది. "సావు కాడ మూస్తే ఆ సావు ఇన్నోళ్లతోని ఇంటికి నడిసొస్తది," అనేది. రామాయణానికున్న కట్టుబాటే వారపత్రిక సీరియల్‌కు కూడా పెట్టింది మహాతల్లి. అరుగు మీద కూర్చునే ప్రతి మనిషికీ ఆ సంగతి తెలుసు.

అంగడి రోజు బేరాలు తగ్గాక, బండ్లు కట్టేదాకా, బస్సు వచ్చేదాకా ఆడవాళ్లంతా ఆ అరుగు మీదికి చేరేవాళ్లు. ఎక్కువ మంది అమర్‌సింగ్ తండావాళ్లు. అడవి చెట్ల బంక, మిరపకాయలు అమ్ముకొని, ఉప్పు, బెల్లం కొనుక్కొని, మూటలు పక్కన పెట్టుకొని కూర్చునేవాళ్లు. తమలో తాము లంబాడీ మాట్లాడుకున్నా తెలుగు కథ ఒక్క ముక్క వదిలేవాళ్లు కాదు. వాళ్లందరికీ ముందు రుక్కి. భాగ్యలక్ష్మి మోకాళ్లకు మోకాళ్లు తగిలేంత దగ్గరగా కూర్చొని, ఆమె పెదవుల వైపే చూస్తూ వినేది.

అరవైతొమ్మిదిలో గొడవలు లేచాయి. బస్సులు నిలిచిపోయాయి, బడులు మూతపడ్డాయి, వారపత్రిక రావడం మానేసింది. ఊరంతా తెలంగాణ ఉద్యమం ముచ్చటే. అయినా తండా ఆడవాళ్లు అంగడికి వచ్చి, "పుస్తకమింక రాలేదా శావుకారమ్మా?" అని అడిగి, లేదంటే మొహాలు వేలాడేసుకొని పోయేవాళ్లు. గొడవలు సద్దుమణిగాక పత్రిక మళ్లీ వచ్చింది. వస్తూ వస్తూ కొత్త సీరియల్ తెచ్చింది. పేరు 'బాచమ చెరువు'. రాసింది వల్మిడి ప్రకాశం.

ఎంత సంబరపడ్డారని! అప్పటిదాకా వచ్చిన చరిత్ర కథల్లో రాజులు, రాణులు, నోరు తిరగని మాటలు. ప్రకాశం మాత్రం పాలకుర్తి పక్కన పుట్టి జనగామలో కాపురమున్న మనిషి. ఆయన కథ కాకతీయుల కాలం నాటిదే. కానీ అందులో మారనాయకుడు జొన్నరవ్వతో కాచిన గటక తాగుతాడు. తల్లిని అవ్వా అని పిలుస్తాడు. గటక అంటే ఏమిటని ఎవరో దూరపువాళ్లు పత్రికకు ఉత్తరం రాస్తే అరుగంతా పగలబడి నవ్వింది. మారనాయకుడు యుద్ధాలు చాలించుకొని, కరువు పట్టిన తన సీమలో చెరువు కట్టడానికి పూనుకున్న వీరుడు. బాచమ అతని భార్య. రాయి మోసేవాళ్ల దగ్గర, మట్టి తవ్వేవాళ్ల దగ్గర కూర్చొని అతను ముచ్చట పెడుతుంటే, "గీ నాయకుడు మనోడే," అనేది రుక్కి. వడ్లు తెచ్చే కాటమయ్య తన కోడెదూడకు మారనాయకుడని పేరు పెట్టి, అది పక్కవాళ్ల చేను మేసినప్పుడల్లా తిట్లు తినేవాడు.

రుక్కికి ఒక్కడే కొడుకు, భీమ్లా. తండా నుంచి పదో తరగతి దాకా వచ్చిన మొదటి పిల్లగాడు. పరీక్షల ఏడే బడులు బందయ్యాయి. ఎన్నాళ్లని ఎదురు చూస్తాడు? చదువు వదిలి పెళ్లి చేసుకున్నాడు. పిల్ల పేరు నీలి, నర్సింహులపేట దిక్కు తండా పిల్ల. పెళ్లి పసుపు ఆరకముందే, రాంజీ అనే మేస్త్రి వెంట భూపాలపల్లి అడవిలో వెదురు కొట్టే కూపుకు పోయాడు. "వానలు వెనకపట్టు పట్టంగనే వస్త అవ్వా," అని చెప్పి పోయాడు.

ఇక ఆ రోజు సంగతి. శ్రావణమాసం అంగడి. పొద్దటి బస్సుకు రావాల్సిన పత్రిక వానకు ఆలస్యమై అప్పుడే చేతికొచ్చింది. ముందు తాను ఒకసారి చూసుకునే తీరిక భాగ్యలక్ష్మికి లేకపోయింది. అందరితోపాటే తానూ మొదటిసారి చదువుతోంది. చెరువు నిండింది. కట్టకు గండి పడింది. మారనాయకుడు గండికి అడ్డంగా దూకాడు. నీళ్లు తీశాక తూము దగ్గర అతని దేహం దొరికింది. బాచమ అతని తల ఒళ్లో పెట్టుకుంది. అతను చనిపోయాడు. కింద, 'ఇంకా ఉంది'.

భాగ్యలక్ష్మి కళ్లు ఆ మాట మీదే నిలిచిపోయాయి. ఇంకా ఉండి ఏం లాభం, పై వారం దాకా చేతిలో కాగితం లేదు కదా! చావు మాట ఇంకా గొంతులోనే ఉంది, నోట్లోంచి రాలేదు. పత్రిక మూయాలి. మూస్తే చావు దగ్గర మూసినట్టు. ఎదురుగా ఇంతమంది ఆడవాళ్లు. కొడుకును అడవికి పంపిన రుక్కి మోకాళ్ల దగ్గరే ఉంది. ఆ పక్కన కొత్త పెళ్లికూతురు నీలి. వెనక జానకమ్మ గొంతు సవరించుకుంది.

"బాచమ ఒళ్లో ఉన్న మారనాయకుడి చెయ్యి కదిలింది," అని చదివి, పత్రిక టక్కున మూసేసింది.

"అమ్మయ్య!" అంది అరుగంతా. రుక్కి రెండు చేతులూ ఎత్తి మొక్కింది. వచ్చే వారం మెల్లగా సర్దుకుందాంలే, కదిలిన చెయ్యి మళ్లీ ఆగిపోయిందని చదివితే సరిపోతుంది అనుకుంది భాగ్యలక్ష్మి. ఎంత తేలికగా అనుకుందో!

వారం తిరగలేదు. కూపు నుంచి రాంజీ మేస్త్రి తిరిగొచ్చాడు, ఒంటరిగా. వాగు పొంగిందట. దాటుతుంటే భీమ్లాను కొట్టుకుపోయిందట. రెండు రోజులు వెతికినా మనిషి దొరకలేదట. ఆ కబురు భాగ్యలక్ష్మి చెవిన పడింది. అత్త చెప్పిన మాట నిజమై, తాను మూసీ మూయని ఆ చావే నడుచుకుంటూ తండాకు పోయిందేమో అని భయపడింది. పిచ్చి భయమే, కానీ భయానికి అంత తెలివి ఉంటుందా?

ఆ అంగడికి రుక్కి రాదనుకుంది. వచ్చింది. కంట తడి లేదు. ఎప్పటి చోటే కూర్చుంది. పక్కన నీలి, మొహం గుంజుకుపోయి.

"చదువు బిడ్డా," అంది రుక్కి. "మారనాయకుడు లేచిండా?"

భాగ్యలక్ష్మి చేతిలో పత్రిక తెరిచి ఉంది. ఆ వారం కథ చితి దగ్గరే మొదలైంది. అరపేజీ బొమ్మ కూడా వేశారు, మంటలు, పక్కన విరబోసుకున్న జుట్టుతో బాచమ. ఆ బొమ్మను అరచేత్తో కప్పుకుంది.

"లేచిండు అవ్వా," అంది.

"గట్ల చెప్పు!" రుక్కి కోడలి వైపు తిరిగింది. "ఇన్నవా? ఆయనను గూడ సచ్చిండనే అన్నరు. నా కొడుకు పీనుగ ఎవడన్న చూసిండా? చూడలే. వాడు గూడ ఏదో ఒడ్డుకు తేలి ఉంటడు."

ఇక ఏం సర్దుతుంది? ఆ వారం నుంచి భాగ్యలక్ష్మి చదువుతున్నట్టు కళ్లు కాగితం మీద ఆనించి, నోటికొచ్చింది చెప్పడం మొదలుపెట్టింది. మారనాయకుడిని జాలర్లు దాచారంది. శత్రువులు ఓడెక్కించి తీసుకుపోయారంది. మాట మరిచాడంది, మళ్లీ గుర్తొచ్చిందంది. అడుగడుగునా తడబాటే. "ఏందే కోడలా, కథ నీళ్లు కలిసిన పాల లెక్క అయితున్నది," అని జానకమ్మ సణిగింది. చెరువుకు బాచమ పేరెందుకు పెట్టారని కాటమయ్య అడిగితే, పెళ్లాం మీది ప్రేమతో మారనాయకుడే పెట్టాడని చెప్పింది. అసలు కథలో బాచమ ఏం చేస్తోందో వారం వారం ఒంటరిగా చదువుకునేది. అరుగు మీద మాత్రం బాచమను గడపలో కూర్చోబెట్టి, దీపం ముట్టించి, దారి చూపిస్తూ ఉంచింది. మొగుడు బతికున్నాక ఆ ఆడదానికి వేరే పనేముంటుంది మరి?

సీరియల్ అయిపోయిన రోజు మారనాయకుడు గుర్రమెక్కి ఇంటికి తిరిగొచ్చాడు. రుక్కి కొబ్బరికాయ కొట్టింది. అరుగు మీద బెల్లం పంచారు. సోమయ్య కూడా ఒక ముక్క నోట్లో వేసుకొని, లోపలికొచ్చి చూస్తే భాగ్యలక్ష్మి బియ్యం బస్తాల మధ్య కూర్చొని ఏడుస్తోంది. అప్పుడు చెప్పింది మొగుడికి, మొత్తం.

"ఓసి పిచ్చిదానా!" అన్నాడు సోమయ్య. "ముసల్దాని పానం నిలబడ్డది. గిండ్ల పాపమేమున్నది? కథనే గద."

కథే అయితే బాగుండు. నీలి అన్న టీక్యా మరుసటి ఎండాకాలమే చెల్లెలిని తీసుకుపోవడానికి వచ్చాడు. మొగుడు పోయిన పిల్లకు మళ్లీ మనువు చేయడం తండాల్లో ఉన్నదే, ఎవరూ తప్పు పట్టరు. మంచి సంబంధం, పిల్లగాడికి ఎడ్లూ చెలకా ఉన్నాయి. తండా నాయక్ ముందు పంచాయతీ కూర్చుంది. రుక్కి ఒక్కటే పట్టు. "నా కొడుకు బతికుండంగ నా కోడలికి ఇంకో మొగడా? మారనాయకుడు రాలేదా? బాచమ ఎదురు చూడలేదా?" టీక్యా ఆ ఏడూ పోయాడు, మరుసటి ఏడూ వచ్చిపోయాడు. ఆ తర్వాత రావడం మానేశాడు. ఆ పిల్లగాడికి వేరే పెళ్లయింది.

ఈ ముచ్చటంతా రుక్కే అరుగు మీద గొప్పగా చెప్పేది. వింటున్న భాగ్యలక్ష్మి ఈ అంగడికి చెప్పేస్తాను, పై అంగడికి చెప్పేస్తాను అనుకునేది. రుక్కి మొహం చూడగానే నాలుక మడతపడేది. పిరికితనం కాకపోతే ఏమిటది? జాలి అని పేరు పెట్టుకుంటే మాత్రం జాలి అయిపోతుందా?

ఒకసారి నీలి ఒక్కతే దుకాణానికి వచ్చింది. కొంగు ముడి విప్పి నలిగిన కాగితం తీసింది. పాత పత్రికలన్నీ సోమయ్య పొట్లాలకు చింపేవాడు. పసుపు పొట్లంగా తండాకు పోయిన కాగితం అది. మంటలు, జుట్టు విరబోసుకున్న బాచమ.

"అమ్మా, గీ బొమ్మల కాలేది ఎవరు?"

ఆ పిల్ల గొంతులో ఎంత ఆశ! చచ్చిపోయింది బాచమ మొగుడే అని తేలితే బాగుండునన్న ఆశ. అంత చెడ్డ ఆశ పెట్టుకున్నందుకు సిగ్గు కూడా కళ్లలో కనిపిస్తూనే ఉంది. భాగ్యలక్ష్మి కాగితం వైపు చూసి, బయట అరుగు మీద కూర్చున్న రుక్కి వైపు చూసి, "శత్రురాజు," అంది. నీలి కాగితం మళ్లీ మడత పెట్టుకొని వెళ్లిపోయింది. అరుగు మీద చెప్పిన అబద్ధాలన్నీ ఒక ఎత్తు, ఆ ఒక్క మాట ఒక ఎత్తు. తర్వాత ఎన్నో ఏళ్లు, పొట్లం కట్టడానికి కాగితం చింపుతున్నప్పుడల్లా ఆ పిల్ల మొహం కళ్ల ముందు కనిపించేది.

జానకమ్మ పోయింది. సోమయ్యకు జుట్టు నెరిసింది. ఎనభైలు వచ్చాయి. 'బాచమ చెరువు' పుస్తకంగా వచ్చింది, మళ్లీ మళ్లీ అచ్చయింది. మానుకోటలో సుభాషిణి అనే బడిపంతులమ్మ, ఆమె స్నేహితులూ కలిసి ప్రకాశానికి సన్మానం తలపెట్టారు. పాఠకులే మాట్లాడాలి, పెద్దమనుషుల ఉపన్యాసాలు వద్దు అని ఆ పంతులమ్మ పట్టు. మరిపెడలో ఒకామె తండా ఆడవాళ్లకు ఆ నవలంతా చదివి వినిపించిందని ఆమె చెవిన పడింది. బస్సెక్కి వచ్చేసింది.

"మీకు శాలువ కప్పాలని ప్రకాశంగారే అన్నరు," అంది సుభాషిణి. "చదువు రానోళ్లకు నా కథ చేర్చిన తల్లిని చూడాలె అని."

భాగ్యలక్ష్మి వద్దంటే వద్దంది. ఒంట్లో బాగాలేదంది, దుకాణం వదిలి రాలేనంది. సోమయ్యకు ఆనందం ఆగితేనా? భార్యకు శాలువ! ఆమె కళ్లతో సైగ చేస్తున్నా చూసుకోకుండా, బెల్లం తూకం వేస్తూ రుక్కికి చెప్పేశాడు. పాత కథ సంగతి ఆయన ఎప్పుడో మరిచిపోయాడు. అలాంటివి మరిచిపోగలిగిన మనిషి ఆయన.

"మారనాయకుని రాసిన అయ్యనా? బతికే ఉన్నడా!" అంది రుక్కి. "నేనొస్త. ఆయన కాళ్లు మొక్కాలె."

అద్దాలు కుట్టిన సంచి ఒకటి ఆయన కోసం రుక్కి కుట్టింది. చూపు మందగించింది కాబట్టి దారం నీలి ఎక్కించి ఇచ్చింది. సన్మానం రోజు అత్తాకోడళ్లు ఇద్దరూ భాగ్యలక్ష్మి దంపతులతోపాటు బస్సెక్కారు. నీలి భాగ్యలక్ష్మి పక్క సీట్లో కూర్చుంది. జబ్బల దాకా తెల్లగాజులు, చెంపల పక్కన వేలాడే వెండి ఘుగ్రీలు, మొగుడున్న లంబాడ ఆడదాని గుర్తులన్నీ ఒంటి మీద అలాగే ఉన్నాయి. మొహం మాత్రం ముప్పైకి దగ్గరపడింది.

సభలో జనం కిక్కిరిసి ఉన్నారు. ఒక్కొక్కరే లేచి మాట్లాడుతున్నారు. ఒక రైతు తన ఊరి చెరువు మీద నిలబడితే మారనాయకుడు గుర్తొస్తాడన్నాడు. ఒక ముసలాయన గటక ముచ్చట ఎత్తి అందరినీ నవ్వించాడు. రుక్కి తలూపుతూ వింటోంది. వేదిక మీద భాగ్యలక్ష్మి భుజాల మీద శాలువ పడింది. ఎండ కంటే వేడిగా ఉంది అది. ప్రకాశం బక్కపలచని మనిషి, మందపాటి కళ్లద్దాలు, ఆమెకు చేతులు జోడించాడు. అంతలో సుభాషిణి మైకు అందుకుంది.

"మారనాయకుడి చితి ఆరకముందే కొంగు నడుముకు చుట్టి గడ్డపార పట్టింది బాచమ. మొగుడు పోయిన చోట కూలబడలేదు. తెగిన కట్టను మళ్లీ కట్టించింది. తూము కట్టిన వడ్డె పెద్దను మనువాడింది. ఊరు నవ్వితే నవ్వనీ అంది. ఈ పుస్తకం చదివి మా వీధిలో ఒక పిల్ల మళ్లీ పెళ్లికి ఒప్పుకుంది. అందుకే ఇది మాకు నవల మాత్రమే కాదు."

చప్పట్లు మోగాయి. ముందు వరసలో రుక్కి లేచి నిలబడింది. చేతిలో సంచి.

"అయ్యా," అంది ప్రకాశాన్ని చూస్తూ. "గా పంతులమ్మ ఏదో అంటున్నది. మారనాయకుడు సచ్చిండా?"

ప్రకాశం మొహం మెత్తబడింది. ఒక పాత్ర కోసం ఇంతగా అడిగే మనిషి ఎదురైతే ఏ రచయితకైనా మనసు నిండుతుంది. "సచ్చిండు తల్లీ," అన్నాడు. "గండి పడ్డ నాడే సచ్చిండు. నాకు గూడ పానం ఒప్పలే. గని ఆయన సావకుంటే బాచమ లేవదు గద."

జనం మళ్లీ చప్పట్లు కొట్టారు. రుక్కి కొట్టలేదు. ఆమె చూపు ప్రకాశాన్ని వదిలి పక్కకు తిరిగింది.

"నువ్వు లేచిండంటివి గద బిడ్డా."

భాగ్యలక్ష్మి శాలువ తీసి కుర్చీ మీద పెట్టింది. బల్ల అంచు పట్టుకుంది.

"నేనే లేపిన అవ్వా," అంది. "పుస్తకంల లేవలే. సావు కాడ మూయరాదని ఒక్క మాట కలిపిన. మల్ల భీమ్లా ముచ్చట వచ్చింది. నువ్వు అడిగినవు. నాకు నోరు రాలే."

రుక్కి సంచి బల్ల మీద పెట్టి, కింద కూర్చోబోయి తడబడింది. నీలి వచ్చి జబ్బ పట్టుకుంది. బయటికి నడిపించుకు పోతూ గుమ్మం దగ్గర ఒక్కసారి వెనక్కి తిరిగి భాగ్యలక్ష్మిని చూసింది. తిట్టినా బాగుండేది. ప్రకాశం అద్దాల సంచి చేతిలో పట్టుకొని, అలాగే నిలబడిపోయాడు.

పై అంగడికి వాళ్లు రాలేదు. ఆ పై అంగడికీ రాలేదు. భాగ్యలక్ష్మికి ముద్ద దిగలేదు. "పోయి రా," అన్నాడు సోమయ్య, ఈసారి కథే కదా అనలేదు. కోమటింటి కోడలు తండాకు నడిచిపోవడం ఊళ్లో అప్పటిదాకా ఎవరూ చూడలేదు. ఆ రోజు చూశారు. చేతిలో 'బాచమ చెరువు'.

రుక్కి ఇంటి ముందు గట్టు మీద కూర్చొని ఉంది. ఇన్ని రోజుల్లోనే సగమైపోయింది. పక్కన నీలి మిరపకాయల తొడిమలు తీస్తోంది. ఆమె చేతుల మీద గాజులు లేవు. ఇన్నేళ్లూ గాజుల కింద ఎండ తగలని చర్మం జబ్బల దాకా పాలిపోయి ఉంది. ఘుగ్రీలు లేవు. కొడుకు చావుకు రుక్కి తన చేతులతోనే అన్నీ తీసేసిందని ఎవరూ చెప్పకుండానే తెలిసింది.

భాగ్యలక్ష్మి నేల మీదే కూలబడింది. "తప్పైంది అవ్వా. నన్ను కొట్టు, తిట్టు, నీ ఇష్టం."

"నిన్ను కొడితే ఏమొస్తది బిడ్డా," అంది రుక్కి. "నువ్వు చెప్పినవు. నమ్మింది నేను. నాకు తియ్యగ ఉండె, నమ్మిన. నన్నడగకు. గా పిల్లనడుగు."

భాగ్యలక్ష్మి నీలి వైపు చూడలేకపోయింది. నీలి మిరపకాయల చేట పక్కకు జరిపి, చేతులు కొంగుకు తుడుచుకుంది.

"పుస్తకం తెచ్చినవు గద. చదువు," అంది.

"ఏడికెల్లి?"

"ఆయన సచ్చిన కాడికెల్లి. నువ్వు మూసిన కాడికెల్లి."

భాగ్యలక్ష్మి చదివింది. ఒక్క అక్షరం కలపకుండా, ఒక్క అక్షరం వదలకుండా చదివింది. మారనాయకుడి తల బాచమ ఒళ్లో ఉంది. చెయ్యి కదలలేదు. చితి కాలింది. రుక్కి కొంగు నోట్లో కుక్కుకుంది, కానీ ఆపమనలేదు. బాచమ గడ్డపార పట్టింది. మట్టి మోసింది. ఊరు ఏదేదో అంది, ఆమె పట్టించుకోలేదు. వడ్డె పెద్ద తెచ్చిన అంబలి అతని పక్కనే కూర్చొని తాగింది. నీలి కదలకుండా వింటోంది. ఇన్నేళ్లూ గడపలో దీపం పెట్టుకొని కూర్చున్న బాచమే ఆమెకు తెలుసు. ఈ బాచమను ఇప్పుడే చూస్తోంది.

తూముకు మొదటి నీళ్లు వదిలే చోట కొంచెం గొంతు ఆరి భాగ్యలక్ష్మి ఆగింది.

"ఆయన సచ్చిననాడు బాచమకు ఎన్నేండ్లు?" అడిగింది నీలి.

"పుస్తకంల లెక్క రాయలే. నీ అంత ఉంటదేమో."

నీలి పాలిపోయిన తన చేతుల వైపు చూసుకుంది. తర్వాత తలెత్తి భాగ్యలక్ష్మిని సూటిగా చూసింది.

"అప్పటి నా అంతనా అమ్మా, ఇప్పటి నా అంతనా?"

ఇప్పటి నీ అంత అని ఒక్క మాట అనేస్తే సరిపోయేది. ఇంకా పొద్దు మించలేదని ఆ పిల్లకు కాస్త ఊరట దొరికేది. నాలుక చివర దాకా వచ్చింది కూడా. భాగ్యలక్ష్మి ఆ మాట మింగేసింది.

"అప్పటి నీ అంత," అంది.

నీలి చేట మళ్లీ ముందుకు లాక్కొని, "ఊఁ, చదువు," అంది.